తానాషా వృత్తాంతము

హిందీ చదువు మన విద్యార్థులు నియంత యను నర్థమున తానాషాహ్ అను పదమును నేర్చుకొందురు. ప్రజల మొఱ నాలకింపక తన యిచ్చ వచ్చినట్లు పాలించు వానిని హిందీవారు ఈ మాటతో నిందింతురు. ఆ విద్యార్థులే శ్రీరామనవమి పందిళ్ళలో రామదాసు చరిత్రమును హరికథగా విన్నప్పుడు తానీషా యను ప్రభువు కథ విందురు. అతడు తన తప్పు తెలిసికొని పశ్చాత్తాపపడి, చెఱసాల తలుపులు తెఱపించిన మంచివాడు. ఈ రెండు పేళ్ళును ఒక్క మనుష్యునివే యని చెప్పినచో పిల్లలు సులభముగా నమ్మరు. హిందీ మాట ఈతని పేరునుండియే పుట్టినదని పలువురి యభిప్రాయము. గోలకొండ కడపటి సుల్తానైన అబుల్ హసన్ కుతుబ్ షాయే ఆ మనుష్యుడు.

మదీనాగూడనుండి గోలకొండ కోట, పక్షి పోవు దారిని చూచినచో, పది మైళ్ళకు మించదు. కొండాపురము, గచ్చిబౌలి మీదుగా పోవు త్రోవలో నేడు ఇరుప్రక్కలను గాజు మేడలే కనబడును. విహారయాత్రకు పోవు బాలురు బాలా హిసార్ ద్వారము క్రింద చప్పట్లు చఱచి, ఆ చప్పుడు కొండ కొనను వినబడుటకు ఆశ్చర్యపడి, రామదాసు బందీఖానా గోడమీది విగ్రహములను చూచి, ఎండకు డస్సి మరలి వత్తురు. ఆ కోటలో తుదిసారి సింహాసన మెక్కిన వాడెట్టివాడు, ఎట్లు ఎక్కెను, ఎట్లు దిగెను అను సంగతి వారిలో పలువురకు తెలియదు. కావున ఈ సంచికలో ఆతని జీవితమును, దానితో ముడివడియున్న కొన్ని వింతలను చెప్పదలచితిమి.

కుతుబ్‌షాహీ వంశము 1518 మొదలు 1687 వఱకు తెలుగు దేశమున పెద్దభాగము నేలినది. ఆ వంశమున ఏడవవాడగు అబ్దుల్లా 1626 మొదలు 1672 వఱకు రాజ్యము చేసెను. ఆతనికి పుత్రసంతానము లేదు, కూఁతులు మువ్వురు. రాజ్యమునకు వారసు డెవ్వడను ప్రశ్న ఆతడు బ్రదికియుండగనే చిక్కుముడియై కూర్చుండెను. 1656లో మొగలు రాజకుమారుడైన ఔరంగజేబు గోలకొండపై దండెత్తినప్పుడు జరిగిన సంధి ప్రకారము ఒక కూఁతును ఔరంగజేబు జ్యేష్ఠపుత్రుడగు మహమ్మద్ సుల్తానున కిచ్చి పెండ్లిచేసిరి. అబ్దుల్లా యనంతరము ఆ యల్లుడే గోలకొండ కధిపతి కావలెనని లోలోపల నొక యొడంబడికయు జరిగినది. వ్రాఁత ప్రకారము చూచినచో వారసుడు తేలినట్లే. అయితే ఆ రాజకుమారుడు తరువాత అన్నదమ్ముల పోరులో పెదతండ్రి షుజా పక్షమున చేరి తండ్రి యాగ్రహమునకు గుఱియై చెఱలో పడెను. 1672లో అబ్దుల్లా మరణించునప్పటికి ఈ యల్లుడు మామగారి రాజ్యమున కాక తండ్రిగారి బందీగృహమున నుండెను. అందుచే ఆ యొడంబడిక చెల్లని కాగితమై పోయినది.

మఱియొక యల్లుడు నిజాముద్దీన్ అహమ్మద్. ఈతడు అరబ్బు దేశమునుండి వచ్చిన సయ్యదు, పండితుడు, దర్పము గలవాడు. దర్బారున ఈతని మాట చాల చెల్లుచుండెను. మూడవకూఁతును సయ్యద్ సుల్తానను నింకొక సయ్యదున కిచ్చుటకు నిశ్చయమైనది. నిజాముద్దీనునకును ఈ క్రొత్త వరునికిని సరిపడలేదు. ఈ పెండ్లి జరిగినచో తాను గోలకొండ విడిచి పోవుదునని నిజాముద్దీను పట్టుబట్టెను. పెండ్లిపందిరి సిద్ధమైనది, బంధువులు కూడినారు, వరుని మాత్రము మార్చవలసి వచ్చినది. తగిన వరుని కొఱకు వెదకి, షా రాజు అను సూఫీ గురువు మఠమున దరిద్రశిష్యుడుగా నున్న అబుల్ హసనును గొనివచ్చి, స్నానము చేయించి, పెండ్లిబట్టలు కట్టించి, గుఱ్ఱమెక్కించిరి. ఈ సంగతిని ఆ కాలపు పారసీక చరిత్రకారులే వ్రాసినారు గనుక కేవలము కట్టుకథ యని త్రోసివేయరాదు.

అబుల్ హసన్ రాజవంశమునకు దూరపు బంధువు. ఆ గురువుకడ పదునాలుగేండ్లు గడపెనని చెప్పుదురు. తానాషా యను ముద్దుపేరును ఆ గురువు పెట్టినదే యందురు. పసితనపు సౌమ్యతను దెలుపు పిలుపట. ఈ పేరే కాలక్రమమున హిందీలో క్రూరపాలకుని పేరుగా మాఱుట భాషాచరిత్రమునందలి విపరీతములలో నొకటి.

అబ్దుల్లా కన్నుమూయగనే ఇద్దఱల్లుండ్రకు పోటీ కలిగినది. నిజాముద్దీనునకు పలుకుబడి కలదు గాని మిత్రులు లేరు. అబుల్ హసనునకు పలుకుబడి లేదు గాని శత్రువులును లేరు. సయ్యద్ ముజఫరను సేనాని మొదలగువారు నిజాముద్దీను గర్వమున కోర్వలేక మూడవ యల్లుని పక్షము వహించి, కొలది పోరాటముతో ఆతనిని సింహాసనముపై కూర్చుండబెట్టిరి. పెండ్లి విషయమున మూడవ యల్లుని దెచ్చుటకు కారణభూతుడైన నిజాముద్దీనే ఆతనివలన రాజ్యమును పోగొట్టుకొనెను.

సయ్యద్ ముజఫర్ మంత్రియై, తాను నిలిపిన రాజు తన చెప్పుచేతలలో నుండునని యెంచెను. ఆతని కచ్చేరిలో లెక్కలు చూచువాడొకడు కలడు. అతడు హనుమకొండ ప్రాంతపు బ్రాహ్మణుడగు మాదన్న. పారసీకము, తెలుగు, జమాబందీ లెక్కలు మూడును కరతలామలకముగా తెలిసినవాడు. ఈతడు కొలది కాలములో, నెత్తురు చిందకుండ, సయ్యద్ ముజఫర్ అధికారమును తొలగించి తానే ముఖ్యమంత్రియై సూర్యప్రకాశరావను బిరుదమును పొందెను. సోదరుడగు అక్కన్నయు ఆతనితో కూడ ఉన్నతోద్యోగియయ్యెను. ఇది 1674 ప్రాంతమున జరిగిన మాట. అటుతరువాత పండ్రెండేండ్లపాటు రాజ్యభారమంతయు ఈ సోదరుల భుజములమీద నుండెను. సుల్తాను సంగీతము, సాహిత్యము, ఉద్యానవనములు, విందులు వీనియందు కాలము గడపుచుండెను. ఇది సుల్తానునకు కీర్తికరమని మేమనము. కాని తనకు చేతగాని పనిని చేతనైనవానికి అప్పగించి, పండ్రెండేండ్లు వానిని నమ్మియుండుట గూడ అందఱు రాజులకు సాధ్యమైన పని కాదు.

ఈ పాలనకు సంబంధించిన రెండు మూడు విషయములు చట్టము చదువువారికి వినోదము కలిగించును. కుతుబ్‌షాహీల ఫర్మానాలు కొన్ని ఒకే కాగితముపై పారసీకమునను తెలుగునను వ్రాయబడినవి. దర్బారు భాష పారసీకమే యైనను, గ్రామమున దానిని అమలు జరుపవలసినవాడు కరణము. అతనికి తెలియని భాషలో ఆజ్ఞ పంపిన ఏమి ఫలము? మఱియు 1672లోనే గోలకొండ ప్రభుత్వము తరఫున నేక్‌నామ్ ఖాన్ చెన్నపట్టణపు ఇంగ్లీషు వర్తకులతో ఒక కౌలు చేసికొనెను. దాని ప్రకారము వారు ఆ పట్టణమునకై ఏటికి 1200 వరహాలు చెల్లించినచో చాలును. ఆ మొత్తము ఎప్పటికిని పెరుగదు. అంత పెద్దపట్టణమును పొందినవారు ఏటేట చెల్లించిన అద్దె అదియే. అద్దె పెరుగని యిల్లు దొరకిన కిరాయిదారు ఎంత సంతోషించునో మన పట్టణవాసులకు చెప్పనక్కఱలేదు.

1677లో శివాజీ మహారాజు భాగ్యనగరమునకు వచ్చి సుమారు నెలదినములు అతిథిగా నుండెను. సుల్తానును, మాదన్నయు ఆతనికి కర్ణాటక దండయాత్రకై ధనసహాయ మొనర్చిరి. మహారాష్ట్రులు ఈ సందర్భమున నొక కథ చెప్పుకొందురు. మీ సేనలో ఏనుగులెన్ని యని తానాషా యడిగెననియు, మా మావళీ భటులే ఏనుగులని శివాజీ బదులిచ్చి, యేసాజీ కంకు అను వీరునిచే ఏనుగుతో పోరాడించి చూపెననియు ఆ కథ. నిజమైనను కాకున్నను, పరదేశపు రాజును గూర్చి మహారాష్ట్ర బాలురు కూడ కథలు వినుచున్నారనుటకు ఇది సాక్ష్యము.

ఆ మఱుసటి సంవత్సరము సుల్తాను మచిలీపట్టణపు వైపు యాత్ర వెడలినాడు. దారిలో కూచిపూడి భాగవతుల ప్రదర్శనము చూచి మెచ్చి, ఆ గ్రామమునే వారికి అగ్రహారముగా నిచ్చెనని సంప్రదాయము. నాట్యకళను విడువక సాగించుటయే ఆ దానమునకు షరతు. ఆ యూరి బ్రాహ్మణ పురుషుడు ప్రతివాడును జన్మములో నొక్కసారియైన సత్యభామ వేషము కట్టవలెనను నియమమును సిద్ధేంద్రయోగి ఏర్పఱచెనని చెప్పుదురు. ఆస్తికి పన్నునకు బదులు నాట్యమే చెల్లింపు! 1763లో ఈ గ్రామపు భూముల విషయమై తగవు వచ్చినప్పుడు, ఏ కుటుంబములకు భాగము కలదో పేర్కొనుచు నొక పంపకపు పత్రము పుట్టినది. భాగవతుల, వేదాంతము మొదలగు ఇంటిపేర్లవారు ఆ కుటుంబములకు చెందినవారే. నాట్యచరిత్రకారులు ఆ పత్రమును నేటికిని ఆదరముతో చూచుచుందురు. భూమి తగవుల కాగితము కళాచరిత్రకు ఆధారమగుట అరుదు గదా.

ఇక రామదాసు కథ. నేలకొండపల్లిలో పుట్టిన కంచెర్ల గోపన్న, అక్కన్న మాదన్నల మేనల్లుడని ప్రతీతి. ఆతడు పాల్వంచ పరగణాకు తహసీలుదారై, వసూలైన శిస్తులో ఆఱులక్షలు భద్రాచల దేవాలయమునకై వ్యయపఱచి, గోలకొండలో ఖైదీ యయ్యెను. భక్తులు ఈ కథను భక్తిదృష్టితో విందురు. న్యాయశాస్త్రదృష్టితో చూచినను ఇందులో విచారింపదగినది కలదు. ఆ కాలమున పరగణా శిస్తు సర్కారునకు ముట్టకున్నచో, ఆ బాకీకి వసూలు చేయు నుద్యోగి స్వయముగా, తన దేహముతో సహా, బాధ్యుడు. సొమ్ము తన యింటికి కొనిపోయెనా, గుడి కట్టించెనా యను విచారణ ఖజానాకు అక్కఱలేదు. అందుచే తానాషా గోపన్నను చెఱ పెట్టుటలో అప్పటి పద్ధతిని తప్పినట్లు కనబడదు. మంత్రి మేనల్లుడైనను విడువలేదనుట ఆతని పక్షమున చెప్పదగిన మాటయే. కథానుసారముగా ఆ బాకీ తీఱిన విధమును మన యింటి ముసలమ్మలందఱు చెప్పగలరు. రామోజీ లక్ష్మోజీలను పేళ్ళతో ఇద్దఱు యువకులు నడిరాత్రి సుల్తాను పడకటింటికి వచ్చి ఆఱులక్షల మాడలు లెక్కించి యిచ్చి, రసీదు వ్రాయించుకొనిపోయిరట. దేవుడు చెల్లించిన సొమ్మునకు గూడ రసీదు తప్పలేదు. మన తెలుగువారు కథ చెప్పునప్పుడు సైతము లెక్క మఱువరు.

ఈ కథకు ఫలముగా ఏర్పడిన ఆచారము నేటికిని ప్రభుత్వ కార్యముగా సాగుచున్నది. భద్రాచలమున సీతారామ కల్యాణమునకు సర్కారు తరఫున పట్టువస్త్రములు, ముత్యాల తలంబ్రాలు పోవును. దీనిని తానాషా ప్రారంభించెననియు, నిజాము ప్రభువులు విడువక సాగించిరనియు చెప్పుదురు. వారి తరువాత ఆంధ్రప్రదేశ ప్రభుత్వము, 2014 తరువాత తెలంగాణ ప్రభుత్వము అట్లే చేయుచున్నవి. ఇతర స్థలముల తలంబ్రాలు పసుపువన్నెవి. భద్రాచలపు తలంబ్రాలు మాత్రము గులాలు కలిసి ఎఱ్ఱగా నుండును. ఆ గులాలు కూడ తానాషా దర్బారు వాడుక నుండియే వచ్చినదని అందురు. షియా మతస్థుడైన సుల్తాను మొదలుపెట్టిన యాచారమును, రాజ్యాంగములు మాఱినను, జెండాలు మాఱినను, ఎవ్వరును త్రోసివేయలేదు. చలనచిత్రములవారును ఈ ప్రభువును మఱువలేదు. చిత్తూరు నాగయ్యగారు రామదాసుగా నటించి, తామే దర్శకత్వము వహించిన చిత్రము 1964లో వెలువడినది. 2006లో వచ్చిన శ్రీరామదాసులో నాజర్ తానీషా వేషము ధరించెను.

దక్షిణమున ఇట్లుండగా, ఉత్తరమున ఔరంగజేబు చక్రవర్తియై దక్కను రాజ్యములను మ్రింగుటకు కాచుకొనియుండెను. ఇచట నొక న్యాయమీమాంస వచ్చినది. బీజాపురము, గోలకొండ రెండును ముసల్మాను రాజ్యములు. ముసల్మాను చక్రవర్తి, తన మతస్థులైన రాజులపై దండెత్తుట ధర్మశాస్త్రసమ్మతమా? ఔరంగజేబు తన ప్రధాన ఖాజీ యగు షేకుల్ ఇస్లామును అడిగెను. ఖాజీ సమ్మతింపలేదు. సమ్మతింపకపోవుటయే కాక ఉద్యోగమును విడిచి మక్కాయాత్రకు పోయెను. ఈ ఖాజీ తండ్రి అబ్దుల్ వహాబు సంగతి వేఱు. 1658లో షాజహాను సజీవుడై యుండగనే ఔరంగజేబు సింహాసన మెక్కుట న్యాయ్యమని వ్యవస్థ వ్రాసియిచ్చి, దానివలన ఖాజీ పదవిని సంపాదించినవాడాతడే. తండ్రి ధర్మమును వంచి పొందిన యాసనమును కుమారుడు ధర్మమునకై వదలుకొనెను. తరువాతి ఖాజీయగు అబ్దుల్లా గూడ గోలకొండ ముట్టడి నడుమ సంధి చేసికొనుడని విన్నవించి, చక్రవర్తి కోపమునకు పాత్రుడయ్యెను. ఈ ఇరువురు న్యాయాధిపతులను గూర్చి మన పాఠ్యపుస్తకములలో ఎక్కువగా వ్రాయకపోవుట మాకు లోపముగా తోచుచున్నది.

దండయాత్రకు సాకు తానాషా వ్రాఁతయే యిచ్చినది. బీజాపురమునకు సహాయముగా సేన పంపుదునని ఆతడు మొగలు శిబిరమునందున్న తన ప్రతినిధికి వ్రాసిన లేఖ దారిలో చిక్కెను. 1685లో రాజకుమారుడు మువజ్జము సేనలతో వచ్చెను. గోలకొండ సేనాధిపతి మీర్ మహమ్మద్ ఇబ్రహీము శత్రువులతో కలిసెను. తానాషా రాత్రికి రాత్రి హైదరాబాదు వదలి కోటలో తలదాచుకొనగా, నగరము దోపిడి పాలయ్యెను. రాజు పోయి, కావలి పోయి, ప్రజలు మిగిలిరి. ఈ పలాయనమును మేము సమర్థింపజాలము. అటుపిమ్మట కుదిరిన సంధి షరతులలో కోటికి మించిన రూపాయల దండుగతోపాటు మాదన్న అక్కన్నలను తొలగించుట యొకటి.

తానాషా వారిని వెంటనే తొలగింపలేదు, కాపాడనుజాలలేదు. 1686 మార్చి నెలలో నొక రాత్రి సోదరులిద్దఱు సుల్తానును చూచి యిండ్లకు పోవుచుండగా గోలకొండ వీథిలో హంతకులు పైబడి చంపిరి. అంతఃపురమునందలి పెద్దరాణులు, అబ్దుల్లా విధవలు, దీనిని చేయించిరని చరిత్రకారుల మాట. మాదన్న శిరస్సును మొగలుల యొద్దకు కానుకగా పంపిరి. హంతకులను శిక్షించినట్లు వినము. పండ్రెండేండ్లు తన రాజ్యమును మోసినవారి యెడ తానాషా ఋణమిట్లు తీఱినది. ఆతనిని మంచివాడనువారు ఈ రాత్రిని మఱువరాదు. ప్రజలు మాత్రము ఆ సోదరులను మఱువలేదు. హైదరాబాదులో హరిబౌలి యొద్ద మహంకాళి దేవాలయము అక్కన్న మాదన్నల గుడిగా ప్రసిద్ధము. బోనాల పండుగలో ఆ గుడి ఘటము ఏనుగుమీద ఊరేగును. విజయవాడలో ఇంద్రకీలాద్రి పాదమున అక్కన్న మాదన్న గుహలు కలవు. ఆ గుహలు వారికంటె సుమారు వేయి సంవత్సరములు ముందు తొలిచినవి. అయినను జనులు వారి పేరే పెట్టిరి.

బలి యిచ్చినను దండు ఆగలేదు. 1686లో బీజాపురము కూలినది. 1687 ఆరంభమున ఔరంగజేబు స్వయముగా గోలకొండ ముందు దిగెను. ముట్టడి సుమారు ఎనిమిది నెలలు సాగినది. దాని మొదటి దినములలోనే ఖిలీజ్ ఖాను అను వృద్ధ సేనాని చేతికి ఫిరంగిగుండు తగిలెను. శస్త్రవైద్యులు విఱిగిన యెముక ముక్కలు ఏఱుచుండగా ఆతడు రెండవచేతితో కాఫీ త్రాగుచు, కూర్చున్నవారితో మాటలాడుచుండెనని వ్రాసినారు. మూడుదినములలో మరణించెను. ఆతని సమాధి హిమాయత్ సాగర్ సమీపమున నున్నది. ఆతని మనుమడే తరువాత 1724లో ఈ దేశమున రాజ్యము స్థాపించిన మొదటి నిజాము. తాత ప్రాణము పోయిన స్థలముననే మనుమని వంశము 1948 వఱకు ఏలినది.

రాజకుమారుడు మువజ్జము రహస్యముగా తానాషాతో ఉత్తర ప్రత్యుత్తరములు జరిపెనని తెలిసి, తండ్రి ఆతనిని భార్యాపుత్రులతో సహా బంధించెను. ఇరువదేండ్ల తరువాత ఆ ఖైదీయే బహదూర్ షా యను పేర చక్రవర్తి యయ్యెను. కందకమును పూడ్చుటకు నూలుసంచులలో మన్ను నింపవలసి రాగా, ఔరంగజేబు స్నానాదులు తీర్చుకొని మొదటి సంచిని తన చేతులతో కుట్టెనట. ఆతడు టోపీలు కుట్టి జీవించెనని వినువారికి ఇందు వింత లేదు. మందుపాతరలు వెనుకకు ప్రేలి మొగలుల సేననే చంపినవి. వానలు కురిసినవి, కఱవు వచ్చినది, శిబిరమున రోగములు ప్రబలినవి.

ఒకనాటి రాత్రి మొగలు భటులు నిచ్చెనలు వేసి గోడ లెక్కుచుండిరి. కోటలో ఎవ్వరును మేలుకొనలేదు. గోడపై తిరుగుచున్న యొక వీథికుక్క మాత్రము మొఱిగినది. కావలివారు లేచి, ఎక్కినవారిని త్రోసివేసి, నిచ్చెనలను లాగుకొనిరి. తెల్లవాఱిన పిదప తానాషా ఆ కుక్కను రప్పించి, దాని మెడలో బంగారు గొలుసు వేయించి, తన సమీపముననే ఉంచుకొనెను. సేనాపతులు ఒకరి వెంట నొకరు లంచము పుచ్చుకొని శత్రువులలో కలియుచున్న దినములలో ఆ సత్కారమున కెంత యర్థము కలదో చదువరులు ఊహింతురు గాక.

గోలకొండ గోడలు చివరివఱకు కూలలేదు. 1687 సెప్టెంబరులో నొక తెల్లవాఱుజామున అబ్దుల్లా ఖాన్ పన్నీ యను అఫ్గాను సర్దారు ధనమునకు ఆశపడి లోపలినుండి ద్వారము తెఱచెను. అప్పుడు అబ్దుల్ రజాక్ లారీ యను నొక్కడు జీనులేని గుఱ్ఱముపై ఎక్కి, పండ్రెండుగురు అనుచరులతో శత్రుసేన నెదుర్కొని, ముఖము చీలి, కన్ను కప్పుకొనిపోయి, స్పృహ దప్పువఱకు పోరాడెను. ఆతని దేహమున డెబ్బది గాయములు లెక్కించిరి. ఔరంగజేబు ఆ స్వామిభక్తికి మెచ్చి, ఒక ఐరోపావానిని, ఒక హిందువును ఇద్దఱు వైద్యులను పంపి ఆతనిని బ్రదికించెను.

కోటలోనికి శత్రువులు వచ్చుచున్న కేకలు విని తానాషా అంతఃపుర స్త్రీలను ఓదార్చి, వారి యొద్ద సెలవు తీసికొని, సభాశాలకు వచ్చి కూర్చుండెను. మొగలు సర్దారు రుహుల్లా ఖాను మొదలగువారు ప్రవేశింపగా లేచి మర్యాద చేసి కూర్చుండబెట్టి, తెల్లవాఱువఱకు వారితో ముచ్చటించెను. భోజనవేళ కాగా వడ్డింపు మనెను. వచ్చినవారిని గూడ పంక్తికి పిలిచెను. ఇట్టి సమయమున అన్న మెట్లు సహించునని ఒకరడుగగా, దారిద్ర్యమును చూచి రాజ్యమును చూచినవానికి ఇది క్రొత్త కాదనియు, ఇచ్చినవాడే తీసికొనెననియు బదులిచ్చెనట. ఆ పదునాలుగేండ్ల మఠవాసము అప్పుడు ఉపయోగించినది. తరువాత ముత్యాలహారములు ధరించి, గుఱ్ఱమెక్కి, తన్ను బంధించువారితో కలిసి కోట దిగెను. మొగలులు విడిసిన యొక మైదానమునకు ఫతే మైదానమను పేరు నిలిచినది. నేడు క్రికెట్టు చూచుటకు పోయిన పెద్దలకు లాల్ బహదూర్ క్రీడాస్థలముగా అది తెలిసినదే.

తానాషాను దౌలతాబాదు కోటకు పంపి, చీనీమహలను భవనమున నుంచి, ఏటికి ఏబదివేల రూపాయలు భరణ మేర్పఱచిరి. బందీయై శిబిరమున నున్నప్పటి కథ యొకటి కలదు. చక్రవర్తి గాయకులలో నొకడు పాడగా విని పరవశుడై, ఇప్పుడు నాచేత లక్షరూపాయలున్నచో ఈతని కిత్తునుగదా యని నిట్టూర్చెనట. ఆ మాట చెవిని బడి, సంగీతమును దర్బారున నిషేధించిన ఔరంగజేబే ఆ లక్షను పంపగా, తానాషా దానిని అట్లే గాయకునకు ఇచ్చివేసెనట. ఉర్దూ కథలలో ఈతడు అతి సుకుమారునిగా కనబడును. హిందీలో నియంత యయ్యెను. తెలుగులో భక్తుని చెఱ విడిపించిన ప్రభువయ్యెను. మొగలు పక్షమువారు ఈతని పేరును హేళనకు వాడగా వాడగా అర్థము చెడిపోయెనని కొందఱందురు. అధికార మంతయు మంత్రులకు వదలినవాని పేరు అధికార మంతయు తానే పట్టుకొనువానికి పెట్టుట ఎట్లు చూచినను అన్యాయమే.

సుమారు పండ్రెండేండ్లు దౌలతాబాదులో ఖైదీగానుండి తానాషా అక్కడనే మరణించెను. గోలకొండ సమీపమున కుతుబ్‌షాహీ ప్రభువులకు గొప్ప గుమ్మటములు గల సమాధులున్నవి. ఆ వంశపు కడపటి రాజునకు మాత్రము అందు చోటు దొరకలేదు. దౌలతాబాదునకు సమీపమునందలి ఖుల్దాబాదులో, రాజు ఖత్తాల్ అను ప్రాచీన సూఫీ గురువు దర్గా యొద్ద ఆతనిని పూడ్చిరి. ఆ గురువు పేరునందును రాజు అను మాట యుండుట గమనింపదగినది. 1707లో అహమ్మదునగరమున ఔరంగజేబు మరణింపగా, ఆతని కోరిక ప్రకారము దేహమును అదే ఖుల్దాబాదునకు కొనివచ్చి, ఇంకొక గురువు సమాధి చెంత, పైకప్పు లేని సాదా గోరీలో నుంచిరి. ఇప్పుడు ఆ చిన్న యూరికి పోవువారు చక్రవర్తి గోరీని చూచి, అక్కడనుండి కాలినడకనే పోయి, గోలకొండ ప్రభువు గోరీని గూడ చూడవచ్చును.